కీమో నడుస్తుండగా తిప్పతీగ రసం, పసుపు మాత్రలు, లక్ష్మణ ఫలం ఇవ్వొచ్చా? తెలిసినవాళ్ళు చెప్పండి

తెనాలి అమ్మాయి:

అందరికీ నమస్కారమండి. మా అమ్మకి 58 ఏళ్ళు, రొమ్ము క్యాన్సర్. ఆపరేషన్ అయింది, ఎర్రమందు కీమోలు నాలుగూ అయిపోయాయి, ఇప్పుడు వారం వారం ఎక్కించే పాక్లిటాక్సెల్ అనే కీమో మందు మొదలైంది, హైదరాబాద్‌లోనే చూపిస్తున్నాం. ఎర్రమందు టైంలో ఒకసారి తెల్లకణాల కౌంట్ 1,800కి పడిపోయి కీమో వారం వాయిదా వేశారు, అప్పట్నుంచి ఇంట్లో అందరి నోటా ఒకటే మాట, ఇమ్యూనిటీ పెంచాలి ఇమ్యూనిటీ పెంచాలి అని.

పెద్దమ్మ తెనాలి నుంచి వస్తూ వాళ్ళ పెరట్లో వేపచెట్టుకి పాకిన తిప్పతీగ కాడలు సంచీడు కోసుకొచ్చింది, పొద్దున్నే దంచి బట్టలో వడగట్టి పావు గ్లాసు పరగడుపున తాగించాలంటుంది. డాలస్‌లో ఉన్న బాబాయి కర్కుమిన్ మాత్రల డబ్బా పంపించాడు, అందులో మిరియాల సారం కూడా కలిపినట్టు రాసుంది. పక్క ఫ్లాట్ ఆంటీ లక్ష్మణ ఫలం ఆకులు తెచ్చిచ్చి, ఇది కీమో కంటే 10,000 రెట్లు పవర్‌ఫుల్ అని వాట్సాప్ మెసేజ్ కూడా చూపించారు. ఇంకా ఏదీ మొదలుపెట్టలేదు, అన్నీ అలాగే ఉన్నాయి.

డాక్టర్ గారిని అడిగితే "ఏమీ వద్దమ్మా, అన్నం కూర సరిగ్గా పెట్టండి చాలు" అన్నారు. బయట పేషెంట్లు బారులు తీరి ఉన్నారు, ఎందుకు వద్దో అడిగే టైం లేదు. పెద్దమ్మకి ఆ జవాబు సరిపోదు, "చెట్లమందుకి సైడ్ ఎఫెక్ట్ ఏంటే, మన పెద్దోళ్ళు వాడలా" అంటుంది. అమ్మకి కూడా లోపల ఆశగానే ఉంది. నేను గట్టిగా వద్దంటే ఆవిడకి పనికొచ్చేదేదో ఆపేస్తున్నానేమో అని భయం. అందుకే ఊరికే వద్దు అని కాకుండా ఎందుకు వద్దో, ఏది పర్లేదో కాస్త వివరంగా చెప్పేవాళ్ళు కావాలి. ప్రొడక్టులు అమ్మేవాళ్ళు దయచేసి ఇన్‌బాక్స్‌లోకి రావద్దు.

కృష్ణా కరకట్ట:

చెల్లెమ్మా, ముందు ధైర్యంగా ఉండండి, ఎర్రమందు నాలుగూ దాటేశారంటే కష్టమైన సగం అయిపోయినట్టే. మా ఆవిడకీ ఇదే వరస, ముందు ఎర్రమందు తర్వాత వారం వారం ఇది, ఇప్పుడు బాగుంది, పొలం పనులు కూడా చూసుకుంటోంది. చుట్టాల దగ్గర్నుంచి మాకూ ఇలాగే వచ్చాయి, గోధుమగడ్డి రసం, నోని, ఏవేవో పొడులు. మేం మాత్రం వార్డులో సిస్టర్‌కి చూపించకుండా ఏదీ నోట్లో పెట్టనివ్వలేదు.

మా ఊళ్ళో ఒకావిడ సంగతి చెప్పాలి, చెప్పకుండా ఉండలేకపోతున్నా. గడ్డ చిన్నగా ఉన్నప్పుడే బయటపడింది, ఆరోగ్యశ్రీలో అంతా అయిపోయేది, జుట్టు ఊడుతుందని భయపెట్టి ఎవరో పొడుల వైద్యానికి తీసుకుపోయారు. గడ్డ పగిలి పుండైన తర్వాత ఆస్పత్రికి తీసుకొచ్చారు, అప్పటికి వెన్నెముకలోకి పాకింది. ఆ పిల్లలిద్దరూ ఇంకా చదువుకుంటున్నారు. మీరు కీమో మానేసే ఆలోచనలో లేరని తెలుసు, అయినా ఇది చదివే మిగతావాళ్ళ కోసం రాస్తున్నా.

ఫార్మకాలజీ మాస్టారు:

అమ్మా, మీరడిగిన పద్ధతి నాకు చాలా నచ్చింది, ఎందుకు వద్దో తెలియకుండా వద్దు అంటే ఎవరూ వినరు. నేను ఫార్మసీ కాలేజీలో ఫార్మకాలజీ చెప్తాను, క్యాన్సర్ డాక్టర్ని కాదు, మందులు ఎలా పని చేస్తాయో అంతవరకే నాకు తెలిసింది చెప్తాను, కాస్త పొడుగవుతుంది ఓపిగ్గా చదవండి.

పెద్దమ్మగారికి ముందు ఈ సంగతి చెప్పండి. మీ అమ్మగారికి ఇప్పుడు ఎక్కిస్తున్న పాక్లిటాక్సెల్ చెట్లమందే. అమెరికాలో పసిఫిక్ యూ అనే చెట్టు ఉంది, 1962లో వాషింగ్టన్ రాష్ట్రం అడవుల్లో దాని బెరడు సేకరించి పరీక్షలకి పంపారు, నార్త్ కరోలినాలో మన్రో వాల్, మన మహారాష్ట్ర నందుర్బార్‌లో పుట్టిన మన్సుఖ్ వాని కలిసి అందులోంచి ఈ పదార్థాన్ని విడదీసి 1971లో దాని నిర్మాణం ప్రకటించారు. అది కణంలో ఏం చేస్తుందో 1979లో సుసాన్ హార్విట్జ్ కనిపెట్టారు. మందుగా అనుమతి వచ్చింది 1992లో, అదీ ముందు అండాశయం క్యాన్సర్‌కి, రొమ్ము క్యాన్సర్‌కి 1994లో. బెరడు నుంచి మొదలై పేషెంటు చేతికొచ్చేసరికి 30 ఏళ్ళు. ఒక కిలో మందుకి సుమారు 10,000 కిలోల బెరడు కావాల్సొచ్చేది, బెరడు ఒలిస్తే చెట్టు చచ్చిపోతుంది, అందుకని తర్వాత యూరప్ యూ చెట్టు ఆకుల్లో దొరికే దగ్గరి పదార్థం తీసి దాన్నే ల్యాబులో మందుగా మార్చారు.

ఇంకోటి. పాక్లిటాక్సెల్ నీళ్ళలో కరగదు. అందుకని ఆముదం నుంచి తయారుచేసిన ఒక ద్రావకంలో, ఆల్కహాల్‌లో కలిపి ఇస్తారు. ఆ ద్రావకం కొందరికి గట్టిగా ఎలర్జీ తెస్తుంది, అందుకే సెలైన్ పెట్టకముందే స్టెరాయిడ్ ఇంజెక్షనూ ఎలర్జీ ఇంజెక్షనూ ఇస్తారు, మీరు చూసే ఉంటారు, అవి పడగానే అమ్మగారికి నిద్ర ముంచుకొస్తుంది. చెట్టు నుంచి వచ్చిన మందు, ఆముదం నుంచి వచ్చిన ద్రావకం, అయినా ఎక్కించేటప్పుడు పక్కన నర్సు బీపీ చూస్తూ నిలబడాల్సిందే. చెట్లమందుకి సైడ్ ఎఫెక్ట్ ఉండదు అన్నమాటకి ఇంతకంటే జవాబు అక్కర్లేదు.

ఇప్పుడు ఇమ్యూనిటీ సంగతి. మీ అమ్మగారి కౌంట్ పడింది ఎందుకంటే తెల్లకణాలు తయారయ్యేది ఎముకల్లోని మూలుగలో, అక్కడ కణాలు గబగబా విభజన అవుతుంటాయి, కీమో విభజన అయ్యే కణాల మీద పడుతుంది కాబట్టి క్యాన్సర్ కణాలతో పాటు అవీ దెబ్బతింటాయి. మూలుగ మళ్ళీ తేరుకుంటుంది, తేరుకోకపోతే గ్రోత్ ఫ్యాక్టర్ ఇంజెక్షన్ ఇస్తారు, అది నేరుగా మూలుగకే పోయి న్యూట్రోఫిల్స్ అంటే ఇన్‌ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణాలు తయారుచెయ్యమని చెప్తుంది. తిప్పతీగ మీద ల్యాబుల్లో ఎక్కువగా చూసింది వేరే పని, ఉన్న తెల్లకణాల్లో కొన్నిటిని రెచ్చగొడుతుంది అని. రెచ్చగొట్టడం వేరు, కొత్తవి పుట్టించడం వేరు. బయట జనం రెండిటికీ కలిపి ఇమ్యూనిటీ అనే ఒక్క మాట వాడేస్తున్నారు, గందరగోళం అంతా అక్కడే.

ఆ రెచ్చగొట్టడమే ప్రమాదం కూడా. కరోనా టైంలో ఊరూవాడా తిప్పతీగ తాగారు కదా, ఆ తర్వాత ముంబైలో కొంతమంది కామెర్లతో వచ్చారు, తర్వాత దేశంలో 13 ఆస్పత్రులు కలిసి 43 మంది కేసులు 2022లో ప్రచురించాయి. చాలామందిలో కనిపించింది ఏంటంటే సొంత ఇమ్యూనిటీయే లివర్ మీద దాడి చేసే రకం జబ్బు. అందరికీ అలా అవుతుందని కాదు, కోట్లమంది తాగారు, బాగానే ఉన్నారు. కానీ మీ అమ్మగారి విషయం వేరు. పాక్లిటాక్సెల్‌ని ఒంట్లోంచి పంపించేది లివరే. ప్రతి కీమో ముందు లివర్ టెస్ట్ చూస్తారు, కామెర్లు చూపించే బిలిరుబిన్ పెరిగితే డోసు తగ్గించడమో వాయిదా వెయ్యడమో చేస్తారు. కౌంట్ పెంచుదామని ఇచ్చిన రసం వల్ల కీమోయే ఆగే పరిస్థితి వస్తుంది, పైగా అప్పుడు లివర్ దెబ్బతిన్నది కీమో వల్లో రసం వల్లో డాక్టర్‌కి తేల్చడం కూడా కష్టం.

కర్కుమిన్ డబ్బా. కూరలో పసుపుకీ ఆ మాత్రకీ సంబంధం లేదు. పసుపులో కర్కుమిన్ 3 శాతం అటూఇటూ ఉంటుంది, ఒక చెంచా పసుపు 3 గ్రాములు అనుకుంటే 90 మిల్లీగ్రాములు. మామూలుగా దొరికే 500 మిల్లీగ్రాముల మాత్ర అంటే ఐదు చెంచాల పైమాటే. మళ్ళీ కర్కుమిన్ పేగుల్లోంచి రక్తంలోకి సరిగ్గా ఎక్కదు, ఎక్కిన కాస్తా లివర్ వెంటనే మార్చి పంపేస్తుంది. అందుకే మిరియాల్లో ఉండే పిపెరిన్ కలుపుతారు, 1998లో బెంగుళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ వాళ్ళు 2 గ్రాముల కర్కుమిన్‌తో 20 మిల్లీగ్రాముల పిపెరిన్ ఇస్తే మనుషుల్లో 20 రెట్లు ఎక్కువ ఎక్కిందని చూపించారు. ఎలా ఎక్కింది? లివర్ పని చెయ్యకుండా అడ్డుపడటం వల్ల. ఆ పిపెరిన్ అడ్డుకునే ఎంజైముల్లో సి.వై.పి. 3ఎ4 అనేది ఉంది, పాక్లిటాక్సెల్‌ని విరిచే ఎంజైముల్లో అదీ ఒకటి. డాక్టర్ గారు అమ్మగారి ఎత్తూ బరువూ లెక్కగట్టి మిల్లీగ్రాముల్లో డోసు వేస్తారు, ఈ మాత్ర వల్ల ఆ లెక్క తప్పితే చేతులు కాళ్ళు తిమ్మిర్లెక్కడం, కౌంట్ పడటం ఇంకా ఎక్కువ అవ్వొచ్చు.

రెండో వైపు నుంచి కూడా భయం ఉంది. 2002లో అమెరికాలో చేసిన ప్రయోగంలో కర్కుమిన్ కలిపినప్పుడు రొమ్ము క్యాన్సర్ కణాలు కీమోకి సరిగ్గా చావలేదు, ఎలుకల్లో సైక్లోఫాస్ఫమైడ్ అనే కీమో మందు పని తగ్గింది. ఎలుకలే, మనుషులు కాదు, అయినా చూస్తూ చూస్తూ ఎందుకు కలపడం? ఇంకా అమ్మగారిది హార్మోన్ రకం అయితే తర్వాత టామాక్సిఫెన్ అనే హార్మోన్‌ని అడ్డుకునే మాత్ర రాసే అవకాశం ఉంది, కర్కుమిన్, పిపెరిన్ కలిపి వాడితే టామాక్సిఫెన్ అసలు పనిచేసే రూపం రక్తంలో 12 శాతం దాకా తగ్గిందని నెదర్లాండ్స్ వాళ్ళు 2019లో చూపించారు. కాబట్టి ఆ డబ్బా కీమో అయిపోయాక వాడదాం అని దాచిపెట్టొద్దు కూడా.

లక్ష్మణ ఫలం గురించి తర్వాత రాస్తా, క్లాసుకి టైం అయింది.

రైతుబిడ్డ:

మాస్టారూ మీ మీద గౌరవంతోనే అడుగుతున్నా. అన్నీ వద్దు వద్దు అంటే మరి ఇన్ని వేల ఏళ్ళు మనవాళ్ళు ఎలా బతికారు. మా తాత షుగరుకి రోజూ పొద్దున బిళ్ళగన్నేరు ఆకులు నమిలేవాడు, 80 దాటి బతికాడు. ఆ బిళ్ళగన్నేరులోంచే క్యాన్సర్ మందు తీశారని మా అబ్బాయి పాఠంలో కూడా ఉంది. మా పొలం గట్టు మీద ఊరికే మొలిచే మొక్క, దానికి తెల్లోళ్ళు పేటెంట్ కట్టి ఇంజెక్షన్ చేసి మనకే అమ్ముతుంటే కొనుక్కోవాలి కానీ ఆకు తింటే తప్పా? పసుపుకి కూడా అలాగే పేటెంట్ కొట్టబోయారు కదా. పేదోళ్ళకి అందుబాటులో ఉన్నదాన్ని తక్కువ చేసి మాట్లాడితే బాధనిపిస్తుంది.

ఫార్మకాలజీ మాస్టారు:

రైతుబిడ్డ గారూ, మీ బాధ నాకు అర్థమైంది, పసుపు విషయంలో మీరన్నది నూటికి నూరుపాళ్ళు నిజం. 1995లో మిసిసిపీ యూనివర్సిటీ మెడికల్ సెంటర్‌కి పసుపుతో గాయాలు మాన్పడం మీద అమెరికా పేటెంట్ ఇచ్చేసింది, మన కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సి.ఎస్.ఐ.ఆర్. పాత గ్రంథాలు ముందుపెట్టి పోరాడితే 1997లో రద్దయింది. ఆ పోరాటం చేసినవాళ్ళంటే నాకు ఎంత గౌరవమో చెప్పలేను. మన మొక్కల్లో మందులు ఉన్నాయి, నేను పిల్లలకి పాఠం చెప్పేదే అది.

కానీ బిళ్ళగన్నేరు కథ పూర్తిగా వినండి, మీరడిగిన దానికి జవాబు అందులోనే ఉంది. 1950ల్లో జమైకా నుంచి ఒక కవర్లో ఆ ఆకులు కెనడాకి వచ్చాయి, అక్కడా మీ తాతగారిలాగే షుగరుకి వాడేవాళ్ళు. రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అనేవాళ్ళు ఆ ఆకుల కషాయం ఎలుకలకి ఇచ్చి షుగర్ తగ్గుతుందేమో చూశారు. షుగర్ పెద్దగా తగ్గలేదు. ఇంజెక్షన్‌గా ఇచ్చినప్పుడు ఎలుకలు ఇన్‌ఫెక్షన్ వచ్చి చచ్చిపోవడం మొదలైంది, ఎందుకా అని చూస్తే వాటి తెల్లకణాలు పడిపోయాయి. తెల్లకణాల్ని ఇంతలా తగ్గిస్తోందంటే తెల్లకణాలు విపరీతంగా పెరిగే బ్లడ్ క్యాన్సర్‌కి పనికొస్తుందేమో అని వాళ్ళకి తట్టింది. అలా విన్‌బ్లాస్టిన్ వచ్చింది, తర్వాత అదే మొక్కలోంచి విన్‌క్రిస్టిన్ వచ్చింది, 1963లో అనుమతి. ఈరోజుకీ పిల్లల బ్లడ్ క్యాన్సర్ వైద్యం విన్‌క్రిస్టిన్ లేకుండా లేదు.

అంటే ఆ మొక్క క్యాన్సర్ మందు అయ్యింది ఇమ్యూనిటీ పెంచి కాదు, తగ్గించి. క్యాన్సర్‌కి పనికొచ్చేది అంటే ఇమ్యూనిటీ పెంచేదే అనుకుని ఈ కౌంట్ తక్కువున్న మనిషికి ఎవరన్నా బిళ్ళగన్నేరు ఆకు తినిపిస్తే ఏమవుతుందో ఆలోచించండి. కణం రెండుగా చీలేటప్పుడు లోపల దారాల్లాంటివి ఏర్పడతాయి, విన్‌క్రిస్టిన్ వాటిని కట్టనివ్వదు, పాక్లిటాక్సెల్ కట్టినవాటిని విప్పనివ్వదు, ఎలాగైనా కణం అక్కడే ఆగి చస్తుంది. మూలుగ కణమైనా అంతే, నరాలైనా దెబ్బతింటాయి.

ఇక ఆకు తింటే సరిపోదా అన్నారు. వందల కిలోల ఎండు ఆకులోంచి ఒక గ్రాము మందు వస్తుంది, అంత తక్కువ ఉంటుంది అందులో. ఆ గ్రాములోంచి పెద్దవాళ్ళకి ఒకసారి ఇచ్చేది 2 మిల్లీగ్రాములు దాటనివ్వరు, దాటితే నరాలు పోతాయి, పేగులు కదలడం మానేస్తాయి. నాలుగు ఆకులు నమిలితే క్యాన్సర్‌కి చాలదు, పది పిడికిళ్ళు నూరి తాగితే మొక్కలోని మిగతా విషాలతో కలిపి ఏం ఎక్కిందో ఎవరూ చెప్పలేరు. పోతే ధర గురించి మీరన్నది న్యాయమే, అందుకే ఎం.ఎన్.జె. లాంటి సర్కారు క్యాన్సర్ ఆస్పత్రులు, ఆరోగ్యశ్రీ ఉన్నాయి, పేదవాళ్ళకి ఆ ఇంజెక్షనే అందాలి, ఆకు కాదు.

లక్ష్మణ ఫలం మెసేజ్ కూడా ఇక్కడే చెప్పేస్తా. ఆ 10,000 రెట్లు అనే అంకె గాల్లోంచి రాలేదు, 1990ల్లో పర్డ్యూ యూనివర్సిటీ వాళ్ళు ఆ గింజల్లోంచి తీసిన ఒక పదార్థాన్ని ల్యాబులో పెంచిన పెద్దపేగు క్యాన్సర్ కణాల మీద వేసి అడ్రియామైసిన్ అనే కీమో మందుతో పోల్చిన అంకె అది. ఒక శుద్ధి చేసిన పదార్థం, ఒక రకం కణాలు, గాజు పళ్ళెం. దాన్ని ఆకుల టీకి అంటగట్టేశారు. అదే జాతి పదార్థం అనోనాసిన్ నరాల కణాలకి విషం, గ్వాడలూప్ అనే కరీబియన్ దీవిలో ఆ పండూ ఆకుల కషాయమూ ఎక్కువ వాడేవాళ్ళలో పార్కిన్సన్స్ (ఒళ్ళు వణుకుతూ బిగుసుకుపోయే నరాల జబ్బు) లాంటి జబ్బు ఎక్కువగా కనబడుతోందని 1999లో రాశారు. పాక్లిటాక్సెల్ వల్ల ఎలాగూ నరాలకి ఇబ్బంది ఉంది, దాని మీద ఇది వద్దు. ఆంటీగారు ప్రేమతోనే ఇచ్చారు, ఆ మాట చెప్పి తీసి పక్కన పెట్టండి.

కీమో మానేసి వీటి మీదే ఆధారపడితే ఏమవుతుందో కూడా లెక్క ఉంది. యేల్ యూనివర్సిటీ వాళ్ళు 2018లో అచ్చైన స్టడీలో, నయమయ్యే దశలో ఉండి కూడా ప్రత్యామ్నాయ వైద్యం ఒక్కటే ఎంచుకున్న 281 మందిని మామూలు వైద్యం తీసుకున్నవాళ్ళతో పోల్చారు, చనిపోయే ప్రమాదం రెండున్నర రెట్లు, రొమ్ము క్యాన్సర్‌లో అయితే ఐదు రెట్లకి పైనే. కరకట్ట గారు చెప్పిన ఆ తల్లి కథ ఒక్క ఊరిది కాదు.

వైద్యశాల:

నేను ఆయుర్వేద వైద్యుణ్ణి, బి.ఎ.ఎం.ఎస్. చేసి గోదావరి జిల్లాలో ప్రాక్టీసు చేస్తున్నాను. మాస్టారు చెప్పినవాటిలో చాలావాటితో నేను ఏకీభవిస్తాను, ఒకటి రెండు చోట్ల నా మాట చెప్పాలి.

తిప్పతీగ అంటే మాకు గుడూచి, అమృత అని కూడా పిలుస్తాం, దాని మీద ఒక్కసారిగా విషం అనే ముద్ర పడటం నాకు బాధే. ఆయుష్ శాఖ కూడా అసలు గుడూచి సురక్షితమే, అలాగే కనిపించే ఇంకో తీగతో పొరపాటు జరిగి ఉండొచ్చు అని ప్రకటన ఇచ్చింది. నిజంగానే దగ్గర దగ్గర పోలికలున్న తీగలు ఉన్నాయి. అసలుదాని ఆకు రెండువైపులా నున్నగా ఉంటుంది, ఇంకో రకానికి ఆకు అడుగున నూగు ఉంటుంది, క్రిస్పా అనే రకానికి కాడ నిండా బుడిపెలు లేచి ఉంటాయి. పెద్దమ్మగారు తెచ్చినది ఏదో ఫోటో చూసి నేనైనా గ్యారంటీ ఇవ్వలేను, ఇక సంచుల్లో పొడి చేసి అమ్మేదాంట్లో ఏముందో దేవుడికే తెలియాలి.

అయితే అసలుదే అయినా నా దగ్గరికి ఈ అమ్మగారే వస్తే కీమో నడిచినన్నాళ్ళూ ఇవ్వను. మా శాస్త్రంలో రోగి బలం, అగ్ని అంటే జీర్ణశక్తి, కాలం చూడకుండా మందు ఇవ్వడం లేదు. కీమోలో ఉన్నవాళ్ళకి నోరు పూసి ఉంటుంది, అగ్ని మందగించి ఉంటుంది, అన్నమే అరగదు, పరగడుపున పావు గ్లాసు పచ్చిరసం ఎవరిని అడిగి పోస్తారు? ఎవరో పెద్దవాళ్ళు జ్వరానికి కషాయం కాచి మూడు రోజులు ఇచ్చింది వేరు, నెలల తరబడి రోజూ పచ్చిరసం పొయ్యడం వేరు. మన పూర్వీకులు వాడారు అనేవాళ్ళు వాళ్ళు వాడిన తీరు కూడా చూడాలి. 

మొక్కల మీద పరిశోధన జరగాలి, జరుగుతోంది కూడా, మన హైదరాబాద్‌లో మందుల పరిశోధన సంస్థ నైపర్‌లోనే వేపలో ఉండే నింబోలైడ్‌ని రొమ్ము క్యాన్సర్ కణాల మీద పరిశీలించారు. ఆ పని పూర్తయి డోసు తేలి మందుగా రావడం నేను కూడా కోరుకుంటున్నాను. అప్పటిదాకా ఈ అమ్మగారి ఒంటి మీద మనం ప్రయోగం చెయ్యకూడదు. కీమో అన్నీ అయిపోయి కౌంట్లు, లివర్ నార్మల్ అయ్యాక నీరసం, ఆకలి, నిద్ర విషయంలో ఆయుర్వేదంలో చెయ్యగలిగింది ఉంది, అప్పుడు మీ క్యాన్సర్ డాక్టర్‌కి తెలిసేలా ఎవరైనా చదువుకున్న వైద్యుణ్ణి కలవండి.

తెనాలి అమ్మాయి:

మీ అందరికీ ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలియట్లేదు. మాస్టారు గారు రాసింది మొత్తం అమ్మకీ పెద్దమ్మకీ చదివి వినిపించా. ఎక్కించేది చెట్టు బెరడు నుంచి పుట్టిన మందే అనేసరికి అమ్మ ముఖం వెలిగిపోయింది, "అయితే నేను తీసుకునేది కూడా మూలికే అన్నమాట" అంది. పెద్దమ్మ బిళ్ళగన్నేరు కథ రెండోసారి చదివించుకుంది, వైద్యశాల గారు చెప్పినట్టు ఆకు తిప్పి వెనక చూస్తే సన్నగా నూగులా ఉంది అది ఏ రకమో మాకు తెలియదు, మొత్తానికి రసం మాట మానేసింది. బాబాయికి నేనే ఫోన్ చేసి చెప్పా, నొచ్చుకోలేదు.

ఇంకొన్ని చిన్న డౌట్లు. వంటలో పసుపు, మిరియాల చారు, అల్లం ఇవి కూడా తగ్గించాలా? పెద్దమ్మకి ఏదో ఒకటి చేసి పెట్టాలని ఉంటుంది, ఆవిడ చేత్తో ఏం చేయించొచ్చు? బొప్పాయి ఆకు రసం తాగితే కౌంట్ పెరుగుతుందని ఇంకొకళ్ళు చెప్పారు, అది డెంగ్యూకే కదా? అలాగే గ్రీన్ టీ?

వార్డు సిస్టర్:

హలో అమ్మా, నేను కీమో డే కేర్‌లో పని చేస్తాను, ఈ ప్రశ్నలు రోజూ వింటాను కాబట్టి చెప్తున్నా, మీ డాక్టర్ గారు ఏదైనా వేరేగా చెప్తే అదే ఫైనల్.

వంటలో పసుపు, మిరియాలు, వెల్లుల్లి, కరివేపాకు అన్నీ మామూలుగా వెయ్యండి, కూరలో చిటికెడు పసుపుతో ఏ ఇబ్బందీ లేదు. నోరు పూస్తే మాత్రం కారం, మిరియాలు, పులుపు మండుతాయి, అప్పుడు పెరుగన్నం, మెత్తటి పప్పన్నం పెట్టండి. అల్లం నిజంగా పనికొస్తుంది, వాంతులకిచ్చే మాత్రలతో పాటు రోజుకి అర గ్రాము నుంచి గ్రాము దాకా అల్లం సారం తీసుకున్నవాళ్ళలో మొదటిరోజు వికారం తగ్గిందని 500 మందికి పైగా పేషెంట్ల మీద చేసిన పెద్ద ట్రయల్‌లో 2012లో చూశారు. ఇంట్లో అయితే అల్లం ముక్క చితక్కొట్టి మరిగించి కాస్త ఉప్పేసి గోరువెచ్చగా ఇవ్వండి, మాత్రలు కొనక్కర్లేదు. రక్తం పల్చబడే మందులు వాడుతుంటే, ప్లేట్లెట్లు తక్కువుంటే మాత్రం అడిగి ఇవ్వండి.

బొప్పాయి ఆకు జనం వాడేది డెంగ్యూలో ప్లేట్లెట్ల కోసం, కీమోలో పడే తెల్లకణాలకి కాదు, వద్దు. గ్రీన్ టీ రోజుకి ఒక కప్పు మామూలు టీ బదులు తాగితే తాగండి, గ్రీన్ టీ సారం మాత్రలు వద్దు. బోర్టెజోమిబ్ అని మైలోమాకి (మూలుగలో వచ్చే ఒక రకం బ్లడ్ క్యాన్సర్) ఇచ్చే మందుంది, గ్రీన్ టీలోని పదార్థం దానికి అతుక్కుని పనిచెయ్యనివ్వదని 2009లో ల్యాబులో, ఎలుకల్లో తేలింది. అమ్మగారికి ఆ మందు కాదులెండి, కానీ ఇది చదివే మైలోమా వాళ్ళ ఇళ్ళల్లో ఎవరైనా ఉంటే గుర్తుపెట్టుకోండి.

అన్నిటికంటే నాకు భయం పచ్చి రసాలు. తీగ ఏదైనా కావచ్చు, మట్టీ బ్యాక్టీరియా ఫంగసూ ఆకు మీద ఉంటాయి, మనం దంచి వడగడితే అవి గ్లాసులోకే వస్తాయి. మామూలు మనిషికి ఏమీ కాదు, న్యూట్రోఫిల్స్ 500 లోపు ఉన్న మనిషికి అదే ఐసీయూ దాకా తీసుకెళ్ళొచ్చు. అలాగని మరీ మడి కట్టుకుని కూర్చోనక్కర్లేదు, వండినది వేడివేడిగా తినాలి, నిన్నటి కూర వద్దు, బయట కోసిపెట్టిన పళ్ళు, చట్నీలు, చెరుకురసం వద్దు. తొక్క తీసే పళ్ళు అరటి, కమలా, దానిమ్మ బాగా కడిగి ఇంట్లో ఒలిచి పెట్టండి.

పెద్దమ్మగారికి పెద్ద పని ఉందండి. ఈ టైంలో కౌంట్‌కీ కండకీ కావాల్సింది ప్రొటీను, రోజూ రెండు ఉడకబెట్టిన గుడ్లు, గట్టి పప్పు, తింటే చేపల పులుసు, రాగిజావ, పెసరట్టు, కొద్దికొద్దిగా ఐదారు సార్లు. పొద్దున వికారం ఉంటుంది, మధ్యాహ్నం కాస్త బాగుంటుంది, ఆవిడ అది కనిపెట్టి ఏ టైంలో ఏది నోటికి పోతుందో చూసి పెట్టారంటే డైటీషియన్ కూడా చెయ్యలేని పని చేసినట్టు. మా వార్డులో బరువు తగ్గకుండా కీమో పూర్తి చేసినవాళ్ళ వెనక ఎక్కువగా ఇలాంటి ఒక పెద్దావిడ ఉంటుంది.

జ్వరం సంగతి ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి. డిజిటల్ థర్మామీటర్‌లో 100.4 వచ్చిందంటే డోలో వేసి పొద్దున్నదాకా చూద్దాం అనుకోవద్దు, రాత్రి రెండైనా ఆస్పత్రికి ఫోన్ చేసి బయల్దేరండి, డోలో వేస్తే జ్వరం దాగుతుంది కానీ ఇన్‌ఫెక్షన్ పోదు. వణుకు వచ్చి జ్వరం లేకపోయినా అంతే. పాక్లిటాక్సెల్‌తో వేళ్ళ చివర్లు తిమ్మిరెక్కుతుంటే, చొక్కా బొత్తాలు పెట్టుకోవడం కష్టమవుతుంటే తర్వాతి కీమో దాకా ఆగకుండా చెప్పండి, డోసు సర్దుతారు. నరాల బలం మాత్రలని షాపులో అడిగి సొంతంగా వెయ్యొద్దు.

కృష్ణా కరకట్ట:

సిస్టర్ గారు చెప్పిన వేళ్ళ తిమ్మిరి మా ఆవిడకి సగం కీమోలప్పుడు వచ్చింది, చెప్పగానే డోసు తగ్గించారు, తర్వాత చాలావరకు తగ్గింది. వేడినీళ్ళ కాపడం పెట్టొద్దు చెల్లెమ్మా, స్పర్శ సరిగ్గా తెలియక కాలుతుంది. ఇంట్లో కూడా చెప్పుల్లేకుండా నడవనివ్వకండి.

వార్డు సిస్టర్:

అవును, అది ముఖ్యం. ఇంకొకటి రాయడం మర్చిపోయా, ఫైలు వెనక ఒక కాగితం పెట్టి అమ్మగారు తీసుకునేవన్నీ రాయండి, బీపీ మాత్ర, షుగర్ మాత్ర, విటమిన్లు, ఎవరైనా ఇచ్చిన పొడి ఒక్కసారి నాకినా సరే. కీమో రోజు పొద్దున బ్లడ్ రిపోర్టుతో పాటు ఆ కాగితం డ్యూటీ డాక్టర్ చేతికి ఇవ్వండి. రద్దీ ఎంతున్నా ఆ కాగితం చదువుతారు.